విషయం: నీళ్ళు

శ్రీకాకుళం కాంప్లెక్సు నుంచి
ఇరవై రూపాయల టికెట్టు దూరం మా యూనివర్సిటీ.
ఆఫీసులో మూడో బల్ల నాది.
క్రమశిక్షణ కమిటీ మెమోలన్నీ
పదకొండేళ్ళుగా నా వేళ్ళ మీదుగానే వెళ్తాయి.

తాగి గోడ దూకినవాడికి ఒక నమూనా,
పరీక్షలో చిట్టీ దొరికినవాడికి ఒకటి.
పేరు మార్చి తేదీ మార్చి ప్రింటు కొడితే చాలు.
ఢిల్లేసుకి మాత్రం నమూనా దొరకలేదు.

తామాడ ఢిల్లేశ్వరరావు,
ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటేడు, ఊరు కవిటి అవతల.
రాత్రి రెండింటికి లేచి
హాస్టలు మెస్సులో తాగే నీళ్ళ డ్రమ్ములన్నీ
పారబోస్తున్నాడు.
ఒకసారి కాదు, తొమ్మిది రాత్రులు.
పొద్దున్న ఉప్మాకి ఎసరు లేక
రెండొందలమంది కంచాలు వాయించారు.
వార్డెను గొర్లె మాస్టారు ఫిర్యాదులో
"ప్రవర్తన ఆందోళనకరము" అని రాసి
కింద రెండు గీతలు గీశారు.

మేమూ నవ్వుకున్నాం, అబద్ధమెందుకు.
టీ దగ్గర "నీళ్ళదొర" అని పేరు పెట్టింది నేనే.

కౌన్సెలరు ఉంది. బుధవారాలు.
విశాఖ నుంచి పాసింజరులో వస్తుంది, బండి లేటయితే రాదు.
ఆవిడ గదినిండా ఇప్పుడు జవాబు పత్రాల మూటలు,
మధ్యలో ఇరుక్కున్న ఒక కుర్చీ.
ఢిల్లేసు రెండు బుధవారాలు
ఆ తలుపు ముందు నిలబడి వెళ్ళిపోయాడని
అటెండరు సింహాచలం చెప్పాడు.
తర్వాత. అన్నీ అయ్యాక.

కమిటీలో ఐదుగురు. నేను మినిట్స్ రాసుకుంటున్నాను.
"ఎందుకు పారబోశావురా?"
వాడు బల్లమీది గాజుగ్లాసు వంక చూశాడు.
"రంగు నేదండి."
"ఏమిటీ?"
"ఈ నీళ్ళకి రంగు నేదండి. వాసనా నేదు.
మా వూర్లో కూడా నేదండి."

ఎవరో గొంతు సవరించుకున్నారు.
ఫిజిక్సు ఆయన ఎత్తబోయిన గ్లాసు మళ్ళీ కింద పెట్టాడు.
అది నేను మినిట్స్‌లో రాయలేదు.

"పెదనాన్న పోనాడండి, సిన్నాన్న పోనాడండి.
నాన్నకి మంగళారం శుక్రారం పలాసలో డయాలసిస్సు.
మా రూములో తవిటినాయుడు
పడుకోబోయే ముందర రెండు లీటర్లు తాగుతాడండి.
సెప్తే ఇనడు."

డీను గారు మంచివారు. నిజంగానే.
నీళ్ళ పరీక్ష కాగితం తెప్పించి చూపించారు, అంతా బాగానే ఉందని.
కెమిస్ట్రీ కుర్రాడు కదా,
ఒక్కో అంకె మీదా వేలుపెట్టి చదివాడు.
"మా వూరికీ ఇచ్చారండి, ఇలాటిదే."

పదిహేను రోజుల సస్పెన్షను.
సంరక్షకునితో సహా శుక్రవారం హాజరు కావలెను.
టైపు చేస్తూ చేస్తూ వేలు ఆగింది.
శుక్రవారం చెరిపి శనివారం కొట్టాను.
సంతకాలు పడిపోయాయి. ఎవరూ చదవలేదు.

శనివారం కూడా తండ్రి రాలేదు, లేవలేకపోయాడట.
తల్లి వచ్చింది.
కమిటీ వాళ్ళకని వేయించిన జీడిపప్పు,
సంచీ అడుగున గుడ్డలో చుట్టిన ప్లాస్టిక్ సీసా.
"మా బోరు నీళ్ళమ్మా.
మీకాడ పెద్ద పెద్ద మిసన్లుంతాయి గదా,
ఓపాలి సూసి సెప్పండి.
గుంటడు సదువుకుంతన్నాడని ధైర్యం సేసి తెచ్చినాను."

జీడిపప్పు పంచుకున్నారు.
సీసా నా బల్లమీద ఉండిపోయింది.

ఢిల్లేసుని మళ్ళీ తీసుకున్నారు, హాస్టలు లేకుండా.
ఇప్పుడు టౌనులో గది,
రోజూ రానూపోనూ ఆ ఇరవై రూపాయల టికెట్టు.
డ్రమ్ములకి తాళాలు వేశారు. ఫైలు మూసేశారు.
తవిటినాయుడు మాత్రం ఒకరోజు ఆఫీసుకొచ్చి
వాడి అడ్రసు అడిగి రాసుకెళ్ళాడు.

ఇన్‌వార్డు రిజిస్టరు తెరిచాను.
ఎవరి నుంచి: రాశాను.
విషయం: నీళ్ళు.
ఎవరికి పంపవలెను అన్న గడి దగ్గర
మూడు రోజులుగా పెన్ను కదలడం లేదు.

మధ్యాహ్నం కారేజీ విప్పి
గ్లాసు నోటిదాకా తెచ్చి
కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి చూస్తున్నాను.
సింహాచలం గుమ్మంలోంచి అడుగుతాడు,
"ఏటి మేడం, నలకేటైనా పడిందేటి?"