మూడో గదిలో మోర్జా

సెగెడ్‌లో ఈ చలికాలం
నా ఉద్యోగం తలలకు వైర్లు అతికించడం.
ఇవాళ దెజ్యో గారు: ట్రామ్ నడిపి రిటైరైన మనిషి,
బట్టతల, జిగురు బాగా పట్టింది.

కుక్క రాకముందు తెర మీద గీతలు
చీమలపుట్టను కాలితో తన్నినట్టు.
మోర్జా వచ్చింది. మోర్జా అంటే రొట్టె నలుసు.
పేరుకు తగ్గ రంగు, తడిసిన ఉన్ని వాసన.
ఆయన చెయ్యి దాని చెవి వెనక్కి పోయింది,
బ్రేకు మీదికి పోయినంత అలవాటుగా.

గీతలు సద్దుమణిగాయి.
టైము రాసుకున్నాను: పదకొండూ నలభై.
"ఏమనిపించింది?" అనడిగితే
"దీనికి గోళ్లు కత్తిరించాలి" అన్నారు.

అందరూ వెళ్లాక స్టూలు మీద కూర్చుని
వైర్లకంటిన జిగురు తుడుస్తున్నాను.
అక్టోబరు నుంచి నాకు నిద్ర లేదు;
ఎందుకో ఏ ఫారమూ అడగదు, నేనూ చెప్పను.
మోర్జా వచ్చి నా మోకాలి మీద గడ్డం ఆనించింది,
బరువంతా వదిలేసి,
చంటిపిల్ల భుజాన వాలినట్టు.

నా తలకు ఒక్క వైరూ లేదు.
తెర నల్లగా ఉంది.

అప్పుడేం జరిగిందో
ఏ కాగితంలోనూ లేదు.
ప్యాంటు మీద అరచేతంత తడి మాత్రం ఉంది.
ఇంటికెళ్తూ ట్రామ్‌లో నిద్రపోయాను.
నా స్టాపు ఎప్పుడో దాటిపోయింది.