తప్పు లేదు

మొదటి రోజే చెబుతాను:
చెవిని నమ్మకండి.
చెవి మంచిదే. కాని అది పుట్టింది ఇక్కడ,
గోజే దీవిలో, ఓడలు కట్టే యార్డు సైరన్ల మధ్య.
ఇంగ్లీషు వాక్యం ఏదైనా దానికి
కాస్త ఒప్పుగానూ కాస్త తప్పుగానూ వినిపిస్తుంది.

రెండో అంతస్తు. కింద చేపల పులుసు కొట్టు.
రాత్రి తొమ్మిదిన్నరకి పద్నాలుగు మంది,
షిఫ్టు దిగి సరాసరి వచ్చినవాళ్లు,
చొక్కాల్లో ఇంకా ఇనుము వాసన.
ఓడలకి ఇంగ్లీషు అక్కర్లేదు,
ఓడలు కొనేవాళ్లకి కావాలి.
అందుకే ప్రమోషన్‌కి ముందు ఈ పరీక్ష.

వాక్యంలో నాలుగు చోట్ల కింద గీతలుంటాయి.
నాలుగింట్లో ఒకటి పుచ్చు.
లేదంటే ఐదో గడి: తప్పు లేదు.

ముందు క్రియని పట్టుకోండి, అంటాను.
మన భాషలో అది చివర్న వస్తుంది,
అందరూ వెళ్లాక దీపం ఆర్పే మనిషిలా.
వాళ్ల భాషలో నడి గుమ్మంలోనే నిలబడుతుంది.
పట్టుకుని అడగండి: నువ్వెవరి తాలూకు?

బోర్డు మీద రాస్తాను:
ది బాక్స్ ఆఫ్ బోల్ట్స్ ఆర్ రెడీ.
సగం తలలు ఊగుతాయి, బాగానే ఉందని.
బోల్టులు క్రియని ఆనుకుని కూర్చున్నాయి మరి.
పక్కన కూర్చున్నవాడే సొంతవాడనుకుంటాం.
మధ్య మాటలు పెన్సిల్‌తో కొట్టేయండి.
మిగిలింది పెట్టె.
వెయ్యి బోల్టులున్నా పెట్టె ఒక్కటే.

ఇక ఆ బుల్లి మాటలు, ఎ, ఆన్, ది,
మనకి లేనివి.
అన్నంలో రాయి ఏరినట్టు వేలితో వెతకాలి,
రాయి ఉన్నందుకు కాదు, లేనందుకు.

కు బొంగ్‌సు కిటికీ పక్కన కూర్చుంటాడు.
వెల్డింగు అతుకుల్లో పగుళ్లు వెతకడం ఆయన ఉద్యోగం.
ఇరవై రెండేళ్లు.
పెన్సిల్ మొనని ఒక్కో మాట మీద ఆనించి
ఆగుతాడు. చెవి ఒగ్గుతాడు.
చెవిని నమ్మొద్దన్నాను కదా!
ఐదో గడి మాత్రం ఒక్కసారీ నింపడు.

"ఇరవై వాక్యాల్లో నాలుగైదు మంచివే ఉంటాయండీ," అన్నాను.
"తప్పు లేదని రాస్తే
మా దగ్గర కింద సంతకం పెట్టాలి," అన్నాడు.

ఒక గురువారం అందరూ దిగి వెళ్లాక
మడత కాగితం ఒకటి తీశాడు.
ఓడ కొన్నవాళ్లకి కంపెనీ పంపిన నివేదిక.
ఒకే వాక్యం కింద ఆయనే గీత గీసుకొచ్చాడు:
బరువు ఎత్తు కార్యక్రమంలో గాయము సంభవించడమైనది,
అలాంటి ఇంగ్లీషు.

క్రియని పట్టుకున్నాను.
మధ్య మాటలు కొట్టేశాను.
కాలం సరే. సంఖ్య సరే. బుల్లి మాటలు ఉన్నచోటే ఉన్నాయి.
"తప్పు లేదు," అన్నాను.

"పాంగ్ తేసిక్ ఎక్కడున్నాడు ఇందులో?"
"లేడు."
"మీరు కొట్టేసిన దాంట్లో?"
"అక్కడా లేడు."
"కొక్కెం అతుకు చూసినవాడు?"

కర్త లేకపోవడం ఇంగ్లీషులో తప్పు కాదని చెప్పాను.
పరీక్ష ఆ సంగతి అడగదని చెప్పాను.
చెబుతుంటే నా గొంతు నాకే
టేపురికార్డరులా వినిపించింది.

"కర్త ఉండేలా రాస్తే ఎలా ఉంటుంది?"
ముందు ఖాళీ వదిలి రాసిచ్చాను:
— ఇన్‌స్పెక్టెడ్ ది హుక్.
ఆ క్రియ చాడీలు చెప్పే రకం కాదు.
ముందు ఎవరు కూర్చున్నా, నేనైనా, నువ్వైనా, కంపెనీ అయినా,
దాని మొహం మారదు.

చాలాసేపు పెన్సిల్ ఆనించి ఉంచాడు.
తర్వాత ఒక్క అక్షరం రాశాడు. ఐ.
చిన్నక్షరం.

అది ఎప్పుడూ, ఎక్కడున్నా,
పెద్దక్షరంగానే ఉండాలి. మొదటి వారం పాఠం.
ఎర్ర పెన్ను నా చేతిలోనే ఉంది.
కింద పులుసు కొట్టువాళ్లు
షట్టరు దించుతున్నారు.