ఎనిమిది టేపులు, మూడడుగులు

నా మెడలో వేలాడే టేపు అరవై అంగుళాలు.
అంటే అయిదడుగులు.
జాకెట్టుకి అందులో సగం చాలు.
చేతి పొడుగు తొమ్మిది, మెడ లోతు ఆరు,
దూరమంటే ఇన్నాళ్ళూ నాకు అంతే.

సుగంధి వచ్చి, ముప్పై అయిదడుగులు కావాలమ్మా, అంది.
కొరుక్కుపేటలో మా సందు పొడుగునా
ఏడుసార్లు టేపు పరిచాను.
కొస కొసకీ సుద్దగీత,
బట్ట మీద గీసే సుద్దే.
ఆ చివర అది,
ఈ చివర బోర్లించిన బకెట్టు మీద నేను,
ఎడమచేతికి జెసింతా టీచర్ అరువిచ్చిన గ్లవ్.

దాని చెయ్యి మిషను చక్రంలా ఒక్క చుట్టు తిరిగి
తుంటి పక్కన బంతిని వదిలేది.
వదిలిందో లేదో నా అరచేతిలో ఠప్పు.
రాత్రి కాజాలు కుడుతుంటే
సూది పట్టిన వేళ్ళకి ఇంకా ఆ అదురు.
ఎదుటి పిల్ల బ్యాటు ఎత్తేలోపే అంతా అయిపోయేది.
నా కూతురు ఎంత గట్టిదో అని మురిశాను.
అందులో సగం గట్టితనం
దగ్గర నిలబడటం వల్లేనని
అప్పటికి నాకు తెలీదు.

ఒక శనివారం, కార్పొరేషన్ గ్రౌండులో
బంతి వచ్చిన దారినే వెనక్కి వెళ్ళింది.
వేసి ముందుకి చాచిన కాలు ఇంకా సర్దుకోలేదు,
చెయ్యి అడ్డం పెట్టే వ్యవధి ఎక్కడిది?
పై పెదవికి మూడు కుట్లు.
డాక్టరు దూరం దూరంగా వేశాడు.
నేనైతే ఇంకా దగ్గరగా వేసేదాన్ని.

మరుసటేడు ఒక టేపు పెరిగింది.
బంతీ పెరిగింది.
చుట్టూ కొలిచి చూశాను, పన్నెండంగుళాలు,
పాతదాని కంటే ఒకటెక్కువ.
దాని వేళ్ళు మాత్రం నిరుటివే.
తిన్నగా వచ్చే బంతి
నా బకెట్టు ముందే నేలకి కొట్టుకుని మట్టి చిమ్మేది.
"నాకు వెయ్యటం మర్చిపోయిందమ్మా" అని
గోదాము గోడకి నుదురు ఆనించి ఏడ్చింది.
మర్చిపోలేదే పిచ్చిదానా,
గుడ్డ పెరిగింది, దారం అంతే ఉంది.

భుజంతో లాగితే భుజమే పోతుంది,
నేలని కాలితో నెట్టు, అన్నారు టీచర్.
ఆ నెట్టడం రావటానికి దీపావళి దాటింది.
దాని వెనకే ఇంకోటి వచ్చింది.
తిన్నగా వస్తూ వస్తూ
చివరి మూరలో మనసు మార్చుకుని
కిందికి జారిపోయే బంతి.
ఏడు టేపుల్లో అలా జారడానికి చోటేది?
మారాలనుకునేలోపే చేతిలో ఉండేది.

ఈ జూన్‌లో నలభై మూడన్నారు.
మా సందు ఎనిమిది టేపులు,
ఆపైన నేను కూర్చునేంత.
అటు గోదాము గోడ,
ఇటు పరిపూర్ణం అక్క తలుపు.
ఆవిడ ముగ్గులో బంతి పడిందని
మూడు నెలలుగా మాకు మాటల్లేవు.
అయినా వెళ్ళాను, టేపు మెడలోనే ఉంది.
"ఎన్నడుగులు?" అంది అరవంలో.
మూడు, అని వేళ్ళు చూపించాను.
ఏమీ అనలేదు. మంచం పక్కకి లాగింది,
రెండు తలుపులూ బార్లా తీసింది,
స్టవ్వుకి అడ్డంగా పరుపు నిలబెట్టింది.

ఇప్పుడు ఆవిడ ఇంటి చీకట్లో నా బకెట్టు.
సందు ఆ చివర ఎండలో నా కూతురు,
గోడకి వీపానించి,
ఇంత దూరం నుంచి పెదవి మీద మచ్చ కనపడదు.
ముఖమే సరిగ్గా కనపడదు.
బంతి నా దాకా రావటానికి ఎక్కువసేపు పడుతుందిట,
కొట్టేవాళ్ళకి అది లాభమట.
పట్టనీ.
తిరిగొచ్చేదానికీ అంతసేపు పట్టాలిగా.

చక్రం తిరిగింది.
మొదటి బంతి గడప తన్నుకుని,
నా గ్లవ్ దాటి, పరుపులో పడింది.
పరిపూర్ణం అక్క వంగి తీసింది.
నాకు ఇవ్వలేదు వెంటనే.
అరచేతిలో పెట్టుకుని
బరువు చూస్తోంది.