వెలుతురుకు ఓర్వని రంగు

పుట్టపాకల ముప్పై ఏండ్లు రంగేసిన చేతులు ఇవి.
ఇప్పుడు నల్లగొండల, కాలేజీ వెనక గదిల
గాజు గొట్టాలు కడుగుతున్నయి.
గోర్ల సందుల ఎరుపు ఇంకా పోలే.

మొదటి దినమే చెప్పింది నుజత్ మేడం:
"మార్కండయ్యా, లైటు బంద్ చెయ్యి,
ఈ రంగుకు వెలుతురు పడదు."
నవ్వొచ్చింది నాకు.
ఎండకు ఓర్వని రంగును మా బజార్ల
రంగు అనరు, దొంగ అంటరు.

బొటనవేలంత సీస. అండ్ల ఆవగింజంత పొడి.
ధర విని స్టూలు మీద కూలబడ్డ.
మగ్గం, ఆసు, ఇంటి ముందటి రంగు గాబు
అన్నీ కలిపి అమ్మినా ఆ గింజ రాదు.

ముందుగాల పాలపొడి నీళ్లల్ల నానబెడతది ఆమె.
ఎందుకమ్మా అంటే,
"అంటొద్దన్న చోట అంటకుండ."
చేతిల గుడ్డ చేతిలనే ఆగింది.
రబ్బరు పట్టీలతోని పోగు పోగుకు
నేను ముడేసింది గందుకే గదా.
రంగు వేసుడు ఎవడైన వేస్తడు,
పట్టకుండ ఆపుడే పని.
నాకది మా నాయిన తిట్లల్ల తెలిసింది,
ఆమెకు ఏ పుస్తకంల తెలిసిందో.

ఈ రంగు తనంతట తాను పోదట.
మోసుకపోయే జీతగాడు ఒకడుంటడు,
వెయ్యి ప్రోటీన్లల్ల తనదాన్నే వెతికి
దాన్నే కరుసుకుంటడు.

సీస మీది పేరు కూడబలుక్కున్న: ఫ్లోరో...
ఆడికే ఆగింది నాలుక.
గా పేరు మా దిక్కు పసిపోరలకు సుత ఎరికే,
బోరింగు కాడ నేర్చుకుంటరు.
"ఒక్క రాయి పేరే రెండిటికి పెట్టిండ్రు" అన్నది మేడం,
ఇంకేం అనలే.

అద్దం ముక్క మీద ఎముక పొర,
ఉల్లిపొర కన్న పల్చగ.
పేరు లేదు. నలబై మూడు అని నెంబరు,
మర్రిగూడ, ఆడమనిషి, యాబై రెండేండ్లు.

"చూస్తవా?" అన్నది.
ఒక కన్ను మూసి వంగిన.
చీకట్ల ఆకుపచ్చ మంట, పొగ లేనిది.
సక్కగ ఉండాల్సిన పడుగు
యాడికాడ తెగి, మెలివడి, ఉండలు గట్టి.
ఇట్ల నేసిన చీరను సేటు మొఖాన కొడతడు.
ఈ నేత ఈమె నేసుకోలే.
బిందె మీద బిందె, నీళ్లు నేసినయి.

"ఇగ చాలు" అని భుజం తట్టింది మేడం.
చూసిన కొద్దీ వెలిసిపోతదట ఇది.
తేలియా రుమాలు ఉతికిన కొద్దీ ఎక్కుతది,
నేను ఎరిగిన రంగు అది.
నేను చూసిన ఆ గుండ్రని జాగ
మళ్ల వంగేసరికి మసక.
ఎవరో ఆమె, నాకు ఏమైతదో,
ఆమె వెలుతురు ఇంత నా కన్ను తిన్నది.

నలబై మూడును వెండి కాగితంల చుట్టి
ఫ్రిజ్జుల పెట్టిన.
ఎల్లుండి నలబై నాలుగు వస్తదట,
అదీ మర్రిగూడే.
పాలపొడి అడుగంటింది.
పోయేటప్పుడు క్లాక్ టవర్ కాడ
ఒక డబ్బ పట్కపోవాలె.