లోపలి పక్క

మొదటి రోజు చెంగల్రాయులన్న
బల్ల మీది గుడ్డ మడిచి
మా మొహాలు చూడకుండానే అన్నాడు:
"ఎడమంటే మీ ఎడమ కాదు పిల్లోళ్ళారా,
ఆయన ఎడమ."
ఫార్మలిన్ ఘాటుకి కళ్ళు మండతా ఉన్నా
ఆ మాట ఒక్కటి చల్లగా దిగింది.

ఫ్యాను వైపు చూస్తా పడుకున్నాయన
పుస్తకం లెక్కలో నిలబడే ఉన్నాడు.
చూపు ముందుకి, పాదాలు జతగా,
అరిచేతులు రెండూ తెరిచి.
పడుకోబెట్టినా తల పైన, పాదం కింద.
తిరుపతిలో పుట్టినదానికి ఇదేం వింత కాదు.
మాకు పైన అంటే కొండ,
కింద అంటే ఊరు.
మంచం మీద ఎట్ల పొర్లినా
పైన పైనే.

మేడం సుద్దముక్కతో మూడు తలాలు గీసింది.
నిలువునా కుడీ ఎడమా చేసేది సాజిటల్:
అంచున "పాపిడి" అని రాసుకున్నా.
ముందూ వెనకా విడదీసేది కరోనల్.
కిరీటం అందామె. నాకు మాత్రం
ఈ చెవి నుంచి ఆ చెవికి పెట్టుకున్న హెయిర్‌బ్యాండు.
అడ్డంగా కోసేది ట్రాన్స్‌వర్స్:
బస్టాండు బయట బండి మీద
ఉప్పూ కారం చల్లిన కీరకాయ చక్రాలు.
మధ్యగీత ఎక్కడ అని అడిగితే
మా బెంచీలో ముగ్గురం
నామం పెట్టుకునే చోట వేలు పెట్టినాం.

మా అమ్మ మునిలక్ష్మి
కల్యాణకట్టలో ఆడవాళ్ళకి గుండు గీస్తుంది.
నడినెత్తిన నీళ్ళు పోసి, వేళ్ళతో నానబెట్టి,
పాపిడి పట్టుకుని కత్తి ముందుకు లాగుతుంది.
ఎదురుగా కూర్చున్నామెతో
"ఎడమ చెవి మడుచుకో తల్లీ" అంటుంది.
తన ఎడమ కాదు, ఆమె ఎడమ.
ఎవరూ బోర్డు మీద గీసి చూపించలేదు.
గుండయ్యాక పది నోటు చాపితే
దండం పెడుతుంది,
రెండు చేతులూ మూసి.

ఆదివారం కుడి బొటనవేలి మొదట్లో నొప్పంది.
"ఏ పక్క మా?"
"లోపలి పక్క."
"కాదు, అది బయటి పక్క."
"నా చెయ్యి నాకు తెలీదా మే?"

ఒళ్ళో బోర్లించిన చెయ్యి.
బొటనవేలు కడుపు వైపే చూస్తా ఉంది.
నేను వింటినా? లేపి గోడకి నిలబెట్టినా.
భుజాలు వదులు చెయ్యి.
చేతులు కిందికి.
అరిచేతులు ముందుకు తిప్పు.

తిప్పింది.
కత్తి పిడి కాయగట్టిన చోటు
ట్యూబులైటు కింద తెల్లగా మెరిసింది.
అంతే, చప్పున మూసేసింది.
"ఇట్ల నిలబడి ఎవర్నీ అడగలేదు మే నేను.
మీ నాయన పోయిన ఏడు కూడా."

పాఠం చెప్తున్నదాన్ని
పాఠం మర్చిపోయినా.
గుళ్ళో సామి కుడిచెయ్యి కూడా ఇంతే కదా మా,
అరిచెయ్యి ముందుకి, వేళ్ళు కిందికి, అన్నా.
"అది ఇచ్చే చెయ్యి," అంది అమ్మ.
ఇంక మాట్లాడలేదు.

పుస్తకంలో మనిషికి పనేం ఉంది?
తల దువ్వడు, బియ్యం చెరగడు,
ఏడ్చే పిల్లని చంకనేసుకోడు.
ఊరికే నిలబడి ఉంటాడు కాబట్టి
ఆయన బొటనవేళ్ళు బయటికి.
కత్తి పట్టినా, చీపురు పట్టినా,
ఒకరి నెత్తి నిమిరినా
అమ్మ బొటనవేలు లోపలికే వస్తుంది.
చెంగల్రాయులన్న గుర్తొచ్చినాడు,
గుడ్డ మడుస్తా, మా వైపు చూడకుండా.

అయినా రికార్డులో రాయాల్సింది రాసినా:
కుడి మణికట్టు, లాటరల్ వైపు, నొక్కితే నొప్పి.

తర్వాత వేడి నీళ్ళలో కల్లుప్పేసి
ఆ చెయ్యి ముంచి పట్టుకున్నా.
"ఇక్కడా?"
"ఊహూ, లోపల."
ఎముక అంచు దొరికేదాకా నొక్కినా.
"ఇక్కడా?"
"ఇంకా లోపల."

ఏ పేరూ చెప్పలేదు నేను.
కొండకి మొదటి బస్సు మూడింటికి.
నీళ్ళు ఇంకా వేడిగానే ఉండాయి.