కొండవైపా, సముద్రంవైపా

మా గది పొడవు మూడు మీటర్లే.
చూపు కొలవాలంటే ఆరు కావాలి.
అందుకే అక్షరాల పలకని
కూర్చున్నవాళ్ల తల వెనక తగిలించి
ఎదురు గోడకి అద్దం పెట్టాం.
కురుపాం మార్కెట్ సందులో, మేడమెట్ల కింద,
ఇరవయ్యేళ్లుగా మనుషులు
వెనకున్నదాన్ని ముందు వెతుక్కుంటున్నారు.

నా పని అడగడం.
ఇది బావుందా, అది బావుందా.
లెన్సు మార్చినప్పుడల్లా చిన్న చప్పుడు,
చీకట్లో ఎవరో గొళ్లెం తీస్తున్నట్టు.

చదువు రానివాళ్లకి వేరే పలక ఉంది.
మూడు పళ్ల దువ్వెన లాంటి గుర్తు,
పళ్లు ఎటు తిరిగాయో చెబితే చాలు.
పెద జాలరిపేట చోడిపల్లి దానయ్యకి
కుడీ ఎడమా పట్టవు.
"ఇది కొండేపు. ఇది సముద్రమేపు.
ఇది మబ్బులోకి. ఇది ఇసకలోకి."
నాలుగో వరుస దగ్గర ఆగిపోయి,
"ఇక్కడంతా మంచు కమ్మీసిందమ్మా,
లైటుహౌసు అగుపడితే గాని సెప్పనేను" అన్నాడు.
ఆ రోజు నుంచి నేనూ అందర్నీ అలాగే అడుగుతున్నాను.

మోదినాయుడు గారు పోర్టులో క్రేను నడుపుతారు.
వచ్చింది కళ్లజోడు స్క్రూ ఊడిపోయిందని.
బిగించి ఇస్తే వెళ్లిపోయేవారే.
బయట వాన. తగ్గేదాకా కూర్చోండి, చూస్తానన్నాను.
ఎదురుగా ఉన్నవన్నీ గడగడా చదివేశారు.
"నా ముక్కు వంకే చూడండి,
పక్కన నా వేళ్లు కదిలితే చెప్పండి."
చాలాసేపు ఊరుకుని ఆయన అడిగారు,
"ఎప్పుడు కదిలిస్తారండీ?"

నీటికాసులకి తలుపు తట్టే అలవాటు లేదు.
నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు.
పెరటివైపు నుంచి ఒక్కో గదీ ఖాళీ చేసుకుంటూ వచ్చి
మనల్ని నడవలో నిలబెట్టేస్తుంది.
పోయింది రాదు. చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలుస్తుంది.
ఈ రెండు ముక్కలు చెప్పడానికి
నాకు వాన మొత్తం పట్టింది.

చలవద్దాలు కొనడానికొచ్చిన ఒకమ్మాయి
ఫోనులో తన ఎనిమిది నెలల పాపని చూపించింది.
ఫ్లాషు వెలుగులో ఒక కన్ను ఎర్రగా,
ఒక కన్ను తెల్లగా.
అప్పటికప్పుడు ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి పంపాను.
మిగతాది ఇక్కడ చెప్పను.

ఇంకో గుంటడు, ఏడో తరగతి,
లెక్కల్లో మొద్దని వాళ్ల నాన్నే లాక్కొచ్చాడు.
మైనస్ రెండున్నర పెట్టగానే
వాడు అక్షరాలు చదవలేదు.
"మేడమ్, మీ అద్దం మూల పగిలింది."
ఎక్కడ్రా, అన్నాను.
అల్లరి చేస్తున్నాడనుకున్నాను.

నస్రీన్ కొత్తగా చేరింది, అక్కయ్యపాలెం పిల్ల.
"మీరెప్పుడు చూపించుకున్నారు మేడమ్?"
నవ్వాను. రోజంతా కళ్లతోనే కదా నా బతుకు.
చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.
చివరి వరుస దాకా తడుముకోకుండా అప్పజెప్పాను.
తనేమీ అనలేదు.
నా వెనక్కి వెళ్లి పలక మార్చింది.

ఇన్నేళ్లూ నేను చదువుతున్నది
నోటితోనని అప్పుడు తెలిసింది.

అద్దంలో దువ్వెన, మీద సన్నటి మసక.
"సముద్రంవైపు" అన్నాను.
ఈ ఊళ్లో పుట్టినవాళ్లం,
తెలియనప్పుడు మాకు ముందు నోటికొచ్చేది అదే.
"కొండవైపు, మేడమ్."

గొళ్లెం చప్పుడు.
ఇది బావుందా, అది బావుందా.
మూడో లెన్సుకి
అద్దం కింది మూలన, వెంట్రుకంత పగులు
మెరుస్తూ కనబడింది.

రిజిస్టరు తెమ్మన్నాను.
ఆ గుంటడు మళ్లీ రావలసింది జూన్‌లో.
ఇది ఆగస్టు.
నెంబరు నస్రీన్ చదివింది,
నేను డయల్ చేశాను.