మనకు, మాకు

మా దిక్కు అరవై దాటినోళ్లు
కాశీకి పోతరు.
వీళ్లు కొత్తవాడకు వచ్చిన్రు,
రోళ్లు పగిలే రోహిణి కార్తెల,
రెండు రేకు పెట్టెలు, ఒక కుట్టుమిషను,
నార్వే నుంచి.

ఆయన తొర్లీఫ్, ఆమె అస్‌లౌగ్.
మగ్గాల గల్లీకి నోరు తిరగలే.
మూడోరోజుకు తొర్లయ్య, అసలమ్మ.
వడ్డీ లేని అసలు, అని నవ్విండు మా నాయిన,
షావుకారు పద్దు యాదికొచ్చి.

పెట్టె తెరిస్తే కలరా ఉండల వాసన.
ఏడు స్వెట్టర్లు.
ఎవరు చెప్పిన్రో
ఓరుగల్లు మంచుకొండ మీద ఉంటదని.

నేను బడిల తెలుగు పంతులును.
నెలకు ముప్పై రూపాయలకు
పొద్దుగూకినంక వాళ్లకు అచ్చరాలు నేర్ప పోయెటోణ్ని.
తొర్లయ్యవి పడవ తాళ్లు గుంజిన వేళ్లు;
పలక మీద 'ఱ' దిద్దితే గాలం లెక్క వచ్చేది.
అసలమ్మ 'నీళ్లు' అనబోయి 'నీలు' అంటే
బిందె మోసే పిల్ల ఒలకబోసేదాకా నవ్వేది.

'మేము', 'మనం' కాడ నెల రోజులు ఆగినం.
వాళ్ల భాషల రెంటికీ ఒకటే మాటంట.
నేల మీద సుద్దతోటి గీత గీసిన.
వినేటోడు గీతకు బయటుంటే మేము,
లోపలుంటే మనం.
తొర్లయ్య ఆ గీతనే శానాసేపు చూసిండు.
దేవునితోటి మాట్లాడేటప్పుడు, అని అడిగిండు,
ఆయన లోపలనా, బయటనా?
రేపు చెప్తనన్న.
చెప్పలే.

రేకుల షెడ్డుల పదకొండు మంది.
మొదటిసారి తెలుగుల ప్రార్థన, నేను రాసిచ్చిందే.
చెమటకు అద్దాలు జారి
'ఓ దేవా' అనేదాన్ని
'ఓ దోవా, మమ్ముల నడిపించు' అన్నడు.
ఎవ్వలు నవ్వలే.
రిక్షా తొక్కే ఏలియా అందరికన్న గట్టిగ ఆమెన్ అన్నడు.
దోవ సంగతి ఆయనకు ఎరుక.
నేను బయట చెప్పుల పక్కన కూసున్న,
మార్కండేయుని గుడి తీర్థం
ఇంకా నాలిక మీద ఆరకముందే.

వానలు పడ్డంక తొర్లయ్యకు చలిజ్వరం.
ఏడు స్వెట్టర్లూ ఒక్కసారే పనికొచ్చినయి.
ఇంటికి పోదాం, ఇంటికి పోదాం అని కలవరించిండంట.
తెల్లారి అసలమ్మ అడిగింది,
ఏ ఇంటికని.
యాదికి లేదన్నడు.

జ్వరం తగ్గినంక
ఆమె స్వెట్టర్లన్నీ మోసుకొచ్చి మా అమ్మ ముంగట పోసింది.
ఇద్దరు ముసలోళ్లు, మాట కలవదు,
పోగు పోగు ఇప్పుకుంట మూడు మాపులు కూసున్నరు.
నీలం చార, ఎర్ర చార, జంపఖానా అయింది.
ఇప్పుడు ఆదివారం పదకొండు మంది
నార్వే చలికాలం మీద కూసుంటరు.
ఒకనాడు వాన కొడితే
నేను సుత పన్నెండోణ్నై ఒక అంచు మీద కూసున్న.
అంతే, వానకే.

దసరా ముంగట అంగట్ల
చింతపండు గంప కాడ అసలమ్మ బేరం.
'మనకు గింత పిరమా?'
నేను సైకిల్ దిగిన, తప్పు దిద్దుదామని.
అమ్మా, కొనేది మీరు, అమ్మేది ఆమె,
అక్కడ 'మాకు' అనాలె.
ఎల్లవ్వ నా దిక్కు చూడనన్న చూడలే.
'మనల మనకేందే' అనుకుంట
తరాజుల ఇంకో పిరికెడు వేసింది.

ఆ నెల ముప్పై రూపాయలు తీసుకోబుద్ధి కాలే.
తీసుకున్న.
మగ్గానికి నూలు కావాలె.